బోణీ అయిన ముడి

ఇది ఒక మహాసంగ్రామం. శామీర్‌పేట చెరువు ఒడ్డున ఒక వీరుడు, నీళ్లలో దాక్కున్న శత్రువు, మధ్యలో ప్రాణాలు వదిలిన యోధులు. తరతరాలు చెప్పుకోవచ్చు. కాకపోతే వీరుడు మా నాయిన, శత్రువు కొర్రమీను, యోధులు రబ్బరు కప్పలు. కాబట్టి సంగ్రామం అనడం కొంచెం అతిగానే ఉంటుంది. గాలానికి ముడి మళ్లీ కట్టమంటే మా నాయిన కట్టలేదు. సంగతి అంతే.

మేడ్చల్‌లో మాది ఇనుప సామాన్ల దుకాణం. మేకులు, గడియలు, గొలుసులు, రకరకాల తాళ్లు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, దుకాణం వెనక లేచిన కాలనీలోకి గోదావరి వైపు నుంచి ఒక సారు కుటుంబం అద్దెకు వచ్చింది. ఆయనకు తుర్కపల్లిలో మందుల ల్యాబులో ఉద్యోగం. కంపెనీ కారు మా దుకాణం ముందే ఆగేది. కారు కోసం నిలబడే ఆ పది నిమిషాల్లో ఆయనకూ నాయినకూ స్నేహం కుదిరింది. దేని గురించి మొదలుపెట్టారో తెలియదు కానీ, చేపల దగ్గరికి వచ్చి అక్కడే ఆగిపోయారు.

సారుకు గాలం వేయడం పిచ్చి. నాయినకు ఈత కూడా రాదు. అయినా ప్రతి ఆదివారం ఇద్దరూ శామీర్‌పేట చెరువుకు బయల్దేరేవారు. అమ్మ నన్ను నాయిన స్కూటర్ వెనక ఎక్కించి, "మీ నాయిన నీళ్లల్ల వడితే వచ్చి చెప్పు" అని పంపేది. డిగ్రీ చదివే పిల్లకు సెలవు రోజు ఇంతకన్నా బాధ్యత గల ఉద్యోగం దొరకదు.

సారు దగ్గర మూడు రబ్బరు కప్పలు ఉండేవి. ఎప్పుడో మద్రాసు వెళ్లినప్పుడు కొన్నవి, మా వైపు దొరికేవి కావు. తామరాకుల మీదుగా లాగుతుంటే నిజం కప్పే అనుకుని కొర్రమీను వచ్చి మింగుతుంది. ఆయన కప్పను నాయినకిచ్చి, తను వానపాములతో సరిపెట్టుకునేవారు. దాంతోపాటు ఒక సలహా కూడా ఇచ్చారు.

"చేప పడినా, రాయికి తగులుకున్నా, కప్ప దగ్గర జానెడు తంగూసు కోసేసి కొత్త ముడి వెయ్యండి అన్నయ్యగారూ. ముడి దగ్గరే అరిగిపోద్దండి."

తంగూసు అంటే నైలాన్ దారమే. మా దుకాణంలో చుట్టలు చుట్టలుగా పడి ఉండేది. కాబట్టి పిసినారితనం అనడానికి లేదు. అడ్డొచ్చింది బోణీ.

నాయిన బతుకంతా బోణీ మీదే నడిచేది. పొద్దున మొదటి బేరం ఏ తక్కెడలో తూగితే ఆ రోజంతా ఆ తక్కెడే, రెండోది ఖాళీగా ఉన్నా ముట్టడు. చెరువు దగ్గర మొదటి ఆదివారమే ఆయన కప్పకు అరచేయంత కొర్రపిల్ల పడింది. దాన్ని మళ్లీ నీళ్లలో వదిలేశాడు కానీ, ముడికి బోణీ అయిపోయింది.

"ఇక ముడి మార్చండి" అన్నారు సారు.

"బోణీ అయిన ముడిని కోస్తరా సారూ? లక్ష్మిని ఎల్లగొట్టినట్టు గాదా?"

"అది చేపండీ బాబూ, లక్ష్మి కాదు."

"నీళ్లల్లకెల్లి వచ్చిందా, లేదా?"

లక్ష్మి వచ్చింది కూడా పాలసముద్రంలోంచే కాబట్టి సారు తన వానపాముల వైపు తిరిగారు.

మూడో వారం పెద్దది పట్టింది. కర్ర వంగింది, నాయిన అరిచాడు, కప్ప పోయింది. తంగూసు కొస చూస్తే ముడి ఉన్నచోట నూగులాగా లేచి ఉంది. ఏడాది తిరక్కుండానే రెండో కప్పదీ అదే దారి. దానికి బోణీ చేసిన చేప ఇంకాస్త పెద్దది, తేడా అంతే. నేను ఇంటికొచ్చి "రెండో కప్ప కూడా స్వర్గస్థురాలైంది" అని ప్రకటిస్తే, అమ్మ వంకాయలు తరగడం ఆపకుండా అంది: "కప్పకేమైతది, ఈదుకుంట బతుకుతది. మీ నాయిన సంగతి జెప్పు."

ఆ తర్వాతి ఎండాకాలం సారుకు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. రెండేళ్లుగా మా ఇంట్లో వండిన ప్రతి కొర్రమీనూ ఆయన పట్టి తెచ్చిందే. నాయిన పట్టిన చేప ఆయన పళ్లెంలో ఒక్కసారీ పడలేదు. "పోయేముందు నేను వట్టిన చేప మా ఇంట్ల తినిపోవాలె సారూ" అన్నాడు నాయిన. మిగిలింది ఒక ఆదివారం, ఒక కప్ప.

ఆ ఆదివారం పొద్దున్నే చెరువుకు చేరాం. కట్ట కిందికి దిగి గాలం వేసిన కాసేపటికే చిన్నదొకటి పడింది. బోణీ. తర్వాత కప్ప రెండుసార్లు రాళ్లలో ఇరుక్కుంది. సారు ఆ తంగూసు వైపు చూశారు. రెండేళ్లు చెప్పిన మాటను ఆ రోజు మింగేసి, తన వానపామును తను గుచ్చుకున్నారు.

ఆయన తిడితే నాయిన తట్టుకునేవాడు. ఊరుకుంటే తట్టుకోలేకపోయాడు.

"బిడ్డా, నీ తాళాలకు నెయిల్ కట్టర్ ఉంటది గదా, ఇటియ్యి."

"ఇక్కడ గోర్లు దీస్కుంటవా నాయినా?"

"ముడి కోస్త."

సారు కంగారుగా లేచారు. "వద్దులెండి అన్నయ్యగారూ, బోణీ అయ్యింది కదా. దానికేం కాదు."

"ఏంది సారూ! రెండేండ్ల సంది కొయ్యి కొయ్యి అని నా పానం దీస్తిరి, ఇప్పుడేమో వద్దంటరు!"

కప్పను కళ్లకద్దుకున్నాడు. జానెడు తంగూసు కోశాడు. కొత్త ముడి వేసి పళ్లతో పట్టి ఒక్క గుంజు గుంజి బిగించాడు. సారు అటు తిరిగి ముక్కు తుడుచుకున్నారు. ఏడుస్తున్నారనుకున్నాను. ఆయనకు మూడు రోజులుగా జలుబు.

పది నిమిషాలకు తామరాకులు పగిలినట్టయ్యాయి. మోచేయి పొడవు కొర్రమీను నల్లగా తిరగబడింది. "వల పట్టు, వల!" అని నాయిన నామీద అరిచాడు. నేను సారు చేతివల పట్టుకుని మోకాలి లోతు దిగాను. నాలుగు బారల దూరానికి వచ్చాక కర్ర ఒక్కసారిగా తేలికైంది. చేప లేదు, కప్ప లేదు.

"కొత్త ముడే గద సారూ!" అంటూ నాయిన బురదలోనే కూలబడ్డాడు.

ఇంట్లో అమ్మ నాటుకోడి వండి పెట్టింది. కోడిని శనివారమే తెప్పించిందట. నాయిన అలిగి, పళ్లెం ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"చేప పోతే పోయిందండీ. నా కోసం బోణీ ముడి కోశారు చూడండి, దాంతోటే కడుపు నిండిపోయింది" అన్నారు సారు.

"నిండితే మూడో ముక్క ఎందుకు ఏస్కున్నరు?" అంది అమ్మ.

అందరికన్నా ముందు నవ్వింది నాయినే. తర్వాత తినడం మొదలుపెట్టాడు, సగంలో ఆగాడు. "గది సరే గానీ సారూ, కొత్త ముడి ఎట్ల తెగింది?"

"బిగించేటప్పుడు తడిపారా?"

"తడుపుడేంది? గది మీరెన్నడన్న చెప్పిన్రా?"

సారు ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచించారు. ప్రతిసారీ ముడిని నోటితో తడిపే బిగించేవారు. అది చెప్పాల్సిన విషయమని ఆయనకు ఎప్పుడూ తోచలేదు.

తంగూసు ముడిని పొడిగా బిగిస్తే రాపిడికి వేడెక్కి, ఎంత కొత్తదైనా అక్కడే తెగుతుంది. ముందు తడపాలి. ఉమ్మి చాలు.