నీలం, ఫిరోజీ

చీర తెచ్చి బల్ల మీద పడేస్తే చాలు, బాలనర్సింహ లోపలికి వెళ్లి ఒకే ఒక్క జాకెట్టు ముక్క పట్టుకొచ్చేవాడు. రెండోది తీయాల్సిన పని ఉండేది కాదు. పత్తర్‌గట్టిలోని ఆ మ్యాచింగ్ సెంటర్‌లో పద్దెనిమిదేళ్లు అదే కొలువు. వెలుతురులోకి పోయి సరిచూసుకుంటామని ఏ ఆడమనిషైనా అంటే మూతి ముడిచేవాడు. తన కంటిని శంకిస్తే ఊరుకునే రకం కాదు.

దుకాణం మూతపడ్డాక ఫైబర్ పనిలో చేరాడు. పల్లెలకు వేగంగా నడిచే ఇంటర్నెట్ ఇవ్వడానికి సర్కారు డబ్బులిస్తోంది, గుత్తేదార్లు ఊరూరా కేబుల్ పాతుతున్నారు. ఆ కేబుల్‌లో వెంట్రుకంత గాజు పోగులు పన్నెండు, ఒక్కోదానికి ఒక్కో రంగు. రెండు కేబుళ్లు కలిసే చోట ఏ రంగుకు ఆ రంగే అతికించాలి. రంగుల గురించి బాలనర్సింహకు ఒకరు చెప్పాలా? ఏడాది తిరిగేసరికి గుత్తేదారు ఏ ఊరికైనా ఛత్రినాకలోని ఇంటికి ఫోన్ చేసి అతణ్నే పిలిచేవాడు.

ఇంతలో షుగర్ వచ్చింది. రెండేళ్లుగా లోకమంతా వెలిసిపోయినట్టు కనబడుతోంది. కంట్లో సూది వేయాలి, సన్నపని మానుకోవాలి అంది దవాఖానలో డాక్టరమ్మ. భార్య బుచ్చమ్మకు మాత్రం "అద్దాలు మార్చుకోమన్నది, గంతే" అని చెప్పాడు. పని మానేస్తే ఇల్లెలా గడుస్తుంది? అదలా ఉంచండి, బాలనర్సింహకు రంగు తెలియడం లేదట అని నలుగురూ అనుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలి?

మొన్న మార్చిలో గుండ్లకుంటకు పంపారు. ఆ ఊళ్లో సిగ్నల్ గుట్ట మీదే దొరుకుతుంది. పింఛన్ కావాలంటే ముసలివాళ్లు గుట్టెక్కి వేలిముద్ర వేయాలి. పింఛన్లు పంచే రుక్మాబాయి ఆ వేలిముద్రల యంత్రం సంచిలో వేసుకుని వాళ్లతో పాటే ఎక్కుతుంది. మూడేళ్లు అర్జీలు పెట్టుకుంటే ఊరికి డబ్బు మంజూరైంది. లైను వచ్చే రోజని తెలిసి ముసలివాళ్లు పొద్దుటే వచ్చి పంచాయతీ అరుగు మీద కూర్చున్నారు.

ఊరి బయట, మిట్టమధ్యాహ్నం, బాలనర్సింహ పోగులు అతికిస్తున్నాడు. పది రంగులు ఎలాగో అయ్యాయి. నీలం, ఫిరోజీ మిగిలాయి. పచ్చదనం కలిసిన ఆ లేత నీలాన్ని, ఫిరోజీని, చీరల మీదికి ఎన్ని వేలసార్లు తీసిచ్చాడో! ఇప్పుడు రెండూ బూడిద రంగులోనే ఉన్నాయి. ఎండకు పట్టి చూశాడు, కళ్లు నులుముకుని చూశాడు. నీళ్లు తెచ్చిన రుక్మాబాయి పక్కనే నిలబడి ఉంది. "ఇదేం రంగు చెల్లె?" అంటే అయిపోయేది. ఆ ఒక్క మాటకు నోరు రాలేదు మహానుభావుడికి. అందాజాగా కలిపేశాడు. అతుకు బాగుందనే చూపించింది పోగులు అతికించే యంత్రం. అది గాజును చూస్తుంది, రంగుతో దానికేం పని?

సాయంత్రం పంచాయతీలో ఇంటర్నెట్ డబ్బా బిగిస్తే పచ్చ దీపం వెలగలేదు. గుత్తేదారు దగ్గరి ఇంజనీరు ప్రహ్లాద్ అటూ ఇటూ కదిపి చూసి, భూమిలో కేబుల్ పాడైందని తేల్చేశాడు. అరుగు మీది వాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. తప్పెక్కడ జరిగిందో బాలనర్సింహకు అప్పటికే తెలుసు. అయినా జీపెక్కి, ఛత్రినాక చేరేదాకా నోరు మెదపలేదు.

మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగో రోజు తెగించి ప్రహ్లాద్‌కు ఫోన్ చేసి, కళ్ల సంగతితో సహా కక్కేశాడు.

"అన్నా, కాయిదం పైకి పోయింది. కేబుల్ ఖరాబైతే సర్కారు మళ్ల పైసలిస్తది. నీ చెయ్యి తప్పైతే మన సేటు మీద పడ్తది" అన్నాడు ప్రహ్లాద్.

"గంటసేపటి పని సార్. నా కిరాయితోనే పోత. ఎవరినన్న పక్కకు పెట్టుకొని సక్కగ కలుపుత."

"నువ్వు బాగ చేస్తే నేను రాసింది అబద్ధమైతది గద? ఆ అతుకు ముట్టకు. కండ్ల ముచ్చట ఎవ్వరికి చెప్పకు. సోమవారం ఇంకో ఊరుంది, రా."

కొలువు పోతే పోయిందని చెప్పిన నిజం ఎవరికీ అక్కర్లేకపోయింది. గంటలో అయ్యే పనికి ఆ ఊరు ఇంకెన్నేళ్లు ఆగాలో ఆఫీసుల్లోని ఫైళ్లకే తెలియాలి.

ఆదివారం రుక్మాబాయి ఫోన్ చేసింది. గుట్ట మీది గాలి హోరులో మాట సరిగ్గా వినబడటం లేదు.

"అన్నా, పింఛన్ల దినం వచ్చింది. మా లైను ఎప్పుడైతదని ముసలోళ్లు అడుగుతున్నరు."

"కేబుల్ ఖరాబైంది చెల్లె. మళ్ల తవ్వాలె."

"గట్లనా?" అంది. "పోనీ తియ్యన్నా, నువ్వేం జేస్తవ్? మాకోసం పొద్దంత ఎండల కూసున్నవ్. మంచిగ చేసిండు పాపం అని ఊరంత అనుకుంటున్నరు."

 ఆమె నాలుగు తిట్లు తిట్టినా బాలనర్సింహ బతికిపోయేవాడు. చెప్పేద్దామని, "చెల్లె, అది గాదు..." అన్నాడు.

"ఒక్క నిమిషం ఆగన్నా. లచ్చవ్వ ఎక్కలేక రాయి మీద కూలబడ్డది, చెయ్యియ్యాలె" అని రుక్మాబాయి ఫోన్ పెట్టేసింది.