మా ఇంట్లో ట్రెబుల్ దొంగ

నా చిన్నప్పుడు ఆదిలాబాద్‌లో మా ఇంట్లోనే ఒక దొంగ తిరుగుతున్నాడని మా బాపుకు, అంటే మా నాన్నకు, గట్టి నమ్మకం. ఆ దొంగ నగలు ముట్టడు, బియ్యం ముట్టడు. బాపు స్టీరియోలో ట్రెబుల్, అంటే సన్నని సవ్వడి, మాత్రం తగ్గించి పోతాడు.

ఆ స్టీరియోను పాత సామాన్లు తెచ్చి బాపే కూర్చుకున్నాడు. డప్పుల మోతకు పెద్ద స్పీకరు, దానికొక ఆంప్లిఫయర్. గజ్జెల సవ్వడికి చిన్న స్పీకర్లు, వాటికి ఇంకొకటి. ఒకటి మించితే రెండోది మునిగిపోతుంది. బాపు పనిచేసే, పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగ్ మిల్లుకు ఆదివారం సెలవు కాబట్టి, పొద్దున్నే కూర్చుని ఒక్కో బటన్ వెంట్రుకవాసి తిప్పుతూ రెండింటినీ సమం చేసేవాడు. సోమవారం సాయంత్రం పని నుంచి వచ్చి పాట పెట్టగానే ముఖం మాడిపోయేది. డప్పు తప్ప గజ్జె వినిపించేది కాదట.

"గీ బటన్ ఎవడు తిప్పిండు?"

ఇంట్లో అనుమానం పెనుభూతమై కూర్చుంది. నన్ను అడిగాడు, దుమ్ము దులిపే మా అవ్వను, అంటే అమ్మను, అడిగాడు, ఆఖరికి పిల్లిని కూడా వదల్లేదు. చివరికి నేరం మా చిన్నబాపు మీద పడింది. ఆయన బాపు తమ్ముడు, మా ఇంట్లో ఉండి ఐటీఐ చదువుతున్నాడు. "నేను ముట్టలే అన్నా, ఒట్టు" అని పాపం ఎంత మొత్తుకున్నా వినేదెవరు! నిజం చెప్పొద్దూ, నాకూ ఆయన మీదే అనుమానం. మరీ అంత అమాయకంగా ముఖం పెడితే ఎవరు నమ్ముతారు?

ఒకరోజు బాపు తెగేసి చెప్పాడు. "ఇంకొక్కసారి ముట్టినవంటే బట్టలు సదురుకొని ఊరికి పో." ఊరికి పోతే పత్తి ఏరుకోవడమే, చదువు అంతటితో సరి. చిన్నబాపు ఆ పూట అన్నం ముందు కూర్చుని ఊరికే లేచిపోయాడు. అప్పుడు నాకూ గుబులు పుట్టింది.

అవ్వ మాత్రం ఎవరినీ వెనకేసుకు రాలేదు. మరుసటి ఆదివారం బాపు అన్నీ సరిచేశాక కాటుక తెచ్చి, ప్రతి బటన్ మీద ఒక చుక్క, దానికి సరిగ్గా ఎదురుగా ఆంప్లిఫయర్ మీద ఒక చుక్క పెట్టింది. "అర్రకు తాళమేసి నీ జేబులనే పెట్టుకో. ఇగ ఎవడు తిప్పుతడో చూద్దాం" అంది.

సోమవారం సాయంత్రం బాపు తానే గది తెరిచి పాట పెట్టాడు. "మళ్ల తగ్గించిండు!" అని అరవబోయి చుక్కల వైపు చూశాడు. ఒక్కటీ జరగలేదు. అవ్వ నన్ను పిలిచి, "బిడ్డా, గజ్జెలు ఇనవడుతున్నయా?" అని అడిగింది. నాకు ఘల్లుఘల్లున వినిపిస్తున్నాయి. అదే చెప్పాను.

బాపు చెవి రుద్దుకుంటూ అట్లాగే నిలబడ్డాడు. మిల్లులో పొద్దంతా యంత్రాల మోత, అక్కడ మనుషులు సైగలతోనే మాట్లాడుకుంటారు. సెలవునాటికి కాస్త తేరుకున్న చెవి, పనిలోకి వెళ్లగానే మళ్లీ మొద్దుబారుతోంది. పని రోజుల్లో ఒక్కో మాట రెండేసి సార్లు చెప్పాల్సి వచ్చే అవ్వకు ఈ సంగతి ముందే తెలుసు. నోటితో చెబితే కొట్లాటే అయ్యేది.

తప్పయిందనే రకం కాదు మా బాపు. చిన్నబాపును పిలిచి స్టీరియో ముందు కూర్చోబెట్టాడు. "నువ్వే పెట్టురా. నాకు సరిగ ఇనవడుతలే" అన్నాడు. తలొంచుకునే జేబులోని తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టాడు. నాకు ఏడుపొచ్చేసింది.

ఇప్పటికీ నాది అనుమానపు బుద్ధే. టీవీలో మాటలు తగ్గినట్టు తోస్తే మనవడి మీద అరవాలని నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని మింగేసి, "నీకెట్ల ఇనవడుతుందిరా?" అని ముందు వాణ్ని అడుగుతాను. సరిగ ఇనవడుతలే అని ఒప్పుకోవడానికి మా బాపుకు ఎంత కష్టమైందో కళ్లారా చూసినదాన్ని.