మేడమ్ కారులో వెనక సీటు

మొన్న తార్నాకలో ఎక్కిన క్యాబ్ పాతది. రోడ్డు నున్నగానే ఉంది, అయినా సీటు కింద సన్నటి అదురు మొదలై నడుము దాకా పాకింది. డ్రైవరు పాటలు పెట్టుకుని తన లోకంలో ఉన్నాడు. నేను కళ్లు మూసుకుని ఆ అదురు కుడివైపు నుంచా, ఎడమవైపు నుంచా అని వెతకసాగాను. ఇది సుగుణ మేడమ్ వల్ల అబ్బిన అలవాటు.

సుగుణ మేడమ్ యూనివర్సిటీ క్యాంపస్‌లో చరిత్ర చెప్పేవారు. తార్నాకలో మా పక్కిల్లే ఆమెది. నేను ఎం.ఏ. చదివే రోజుల్లో తన పాత తెల్ల కారులో పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవారు. నలుగురిలో నోరు విప్పని నేను ఆ కాస్త దూరంలోనే చదివిన పుస్తకాలన్నీ ఆమెకు చెప్పేసేదాన్ని. ఆమె గేరు మారుస్తూ, "పుస్తకం సంగతి సరే, నీకేమనిపించిందో చెప్పు" అనేవారు. అలా అడిగిన మనిషి నాకు అంతకుముందు ఎవరూ లేరు. ఆ ముందు సీటు నాదేనని నమ్మేశాను.

తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. బంద్‌లు, సమ్మెలు, మూతపడ్డ క్లాసులు. మేడమ్ కారు వారాల తరబడి గేటు దగ్గర కదలకుండా నిలబడింది. మళ్లీ క్లాసులు మొదలైన రోజు పుస్తకం పట్టుకుని పరుగెత్తుకొస్తే, ముందు సీట్లో రజిత ఉంది. మేడమ్ దగ్గర కొత్తగా పరిశోధనకు చేరిన నల్లగొండ పిల్ల. మెట్టుగూడలో అక్క ఇంట్లో ఉండేది. ఊరేగింపులో మైకు పట్టుకుంటే రోడ్డంతా ఆమె వైపే తిరిగేది.

"ఎన్క కూసో చెల్లె, కాళ్లు సాపుకోవచ్చు" అని నవ్వింది. మేడమ్ కారు స్టార్ట్ చేశారు.

మాది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. నాన్న లాలాగూడ రైల్వేలో గుమాస్తా. నాతో మేడమ్ క్లాసులో మాట్లాడినట్టే మాట్లాడేవారు. రజిత పక్కనుంటే మాత్రం "ఏందే", "గట్లనా" అంటూ పకపకా నవ్వేవారు. ఆ నవ్వు నాకెప్పుడూ దక్కలేదే అని వెనక కూర్చుని ఉడికిపోయేదాన్ని. డైరీలో రజిత పేరు రాయడానికి కూడా మనసొప్పక 'ఆమె' అని రాసుకున్నాను.

అదే వారం కారు వణకడం మొదలుపెట్టింది. వేగం పెరిగినకొద్దీ వణుకూ పెరిగేది. మేడమ్‌కు ఊహించి చెప్పడం నచ్చదు. "ముందు ఏది కాదో చూద్దాం" అంటూ ఖాళీ రోడ్డు మీద వేగం అందుకుని, గేరు తీసి న్యూట్రల్‌లో వదిలారు. ఇంజను చప్పుడు తగ్గింది, వణుకు తగ్గలేదు. ఇంజను కాదన్నమాట. బ్రేకు మెల్లగా తొక్కారు. తేడా లేదు. బ్రేకూ కాదు.

"ముంగటి చక్రాలు మేడమ్, బ్యాలెన్సింగ్ పోయి ఉంటది" అంది రజిత ధీమాగా.

చేయించారు. వణుకు పోలేదు. అయినా మేడమ్, "నీకు బండ్ల సంగతి మంచిగనే తెలుసే" అన్నారు. తప్పు చెప్పినా మెప్పే! ఆ మాట రోజంతా నన్ను పొడుస్తూనే ఉంది.

మర్నాడు క్యాంపస్ రోడ్డు మీద మేడమ్ స్టీరింగ్‌ను వేళ్లతో పట్టి చూశారు. "చేతికేం తెలుస్తలేదు, అంటే ముంగటి చక్రాలు కావు. మరి ఎక్కడున్నదే ఇది?"

నేను కుడివైపుకు జరిగాను. తర్వాత ఎడమకు. మళ్లీ కుడికి.

"మేడమ్... ఇక్కడుంది. వెనక, కుడివైపు. ఎడమవైపు కూర్చుంటే తక్కువగా ఉంది."

కారు ఆగింది. మేడమ్ రజితను వెనక్కి పంపి నన్ను ముందుకు రమ్మన్నారు. కారు వేగం అందుకుందో లేదో, "అరె, నిజమే మేడమ్! సీటు కింద సెల్‌ఫోను వైబ్రేషన్ల పెట్టి మర్చిపోయినట్లున్నది! చెల్లె, జబర్దస్త్ పట్టినవ్ పో!" అని రజిత అరిచింది. ఆమెలో ఈర్ష్య మచ్చుకైనా లేదు. దానికి ఇంకా మండింది నాకు.

సాయంత్రం ముగ్గురం జాకీ వేసి, కుడివైపు ముందు చక్రం వెనక్కి, వెనకది ముందుకు మార్చాం. కారు వేగం అందుకోగానే ఈసారి స్టీరింగ్ అదిరింది. అదురుతున్న చేతులను చూసుకుంటూ మేడమ్ చిన్నపిల్లలా నవ్వారు. "దొరికింది, టైరే!" గాలి తగ్గిన ఆ పాత టైరు బంద్ రోజులన్నీ ఒకే చోట నిలబడి, నేలకు ఆనిన మేర చదునుగా బిగుసుకుపోయింది.

కొత్త టైరు వేయించిన రోజు నేను ముందు తలుపు దగ్గర నిలబడ్డాను. ఆ సీటు మళ్లీ నాకు దక్కుతుందని రాత్రే డైరీలో రాసుకున్నాను. మేడమ్ నన్నొకసారి చూశారు.

"ఎన్కనే కూసో బిడ్డా. ముంగటుంటే నన్నే చూస్తవ్. ఎన్కుంటే అన్ని తెలుస్తున్నయ్ నీకు."

రజిత ముందు కూర్చుంది. నేను వెనక్కెళ్లి కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. నన్ను గౌరవించారో, పక్కకు తప్పించారో ఆ రోజు తేల్చుకోలేకపోయాను.

మేడమ్ పోయి రెండేళ్లవుతోంది. సంస్మరణ సభలో రజిత మైకు ముందు, "మేడమ్ నన్ను కూతురంటుండె" అని వెక్కివెక్కి ఏడ్చింది. చివరి వరుసలో ఉన్న నాకు దుఃఖం కన్నా ముందు ఒళ్లంతా మంట పుట్టింది. అప్పుడు మేడమ్ పద్ధతిలోనే ఒక్కొక్కటీ తీసి పక్కన పెడుతూ పోయాను. రజిత మీద ద్వేషమా? కాదు, ఆమె ఏడుస్తుంటే వెళ్లి పట్టుకోవాలనిపించింది. మేడమ్ మీద కోపమా? అదీ కాదు. అన్నీ తీసేశాక మిగిలింది ఒక్కటే. మేడమ్ నాకు ఇంకా చాలలేదు.