ఆయన బొటనవేలు అక్కర్లేని పొద్దు

మాది మిరపకాయల వ్యాపారం. గుంటూరు యార్డుకి దగ్గర్లో గోడౌను, ఒంగోలు వైపు ఊళ్లు తిరిగి సరుకు కొనుక్కొచ్చే మనుషులు. తూకాల లెక్కలూ కాయల ఫోటోలూ ఎక్కించడానికి కాటా దగ్గర ఒక టాబ్లెట్, కాయలు ఏరేచోట ఒకటి, ఊళ్లు తిరిగేవాళ్ల చేతుల్లో మరికొన్ని. దసరాకి కాటాతోపాటు వాటికీ పసుపు రాసి బొట్టు పెడతాం. ఒక ఏడు నేను పెట్టిన బొట్టు సరిగ్గా కెమెరా మీద పడింది. వారం దాకా కాయల ఫోటోలన్నీ ఎర్రగా వచ్చాయట. "వదిన పుణ్యాన తెల్లబడ్డ తాలుకాయ కూడా మేలైన తేజా రకంలా కనపడింది" అని మా మరిది ఇప్పటికీ వేళాకోళం చేస్తాడు.

ఆ టాబ్లెట్లన్నిటికీ తాళం మావారి బొటనవేలే. మా మామగారు బీరువా తాళాలు మొలతాడుకి కట్టుకు తిరిగేవారు. ఈయన అదే అలవాటు వేలికి తెచ్చుకున్నారు. "లెక్క ఇంటి మనిషి చేతిలో ఉండాలి" అనేవారు. పొద్దున్నే గోడౌనుకి వెళ్లి వరసగా వేలు ఆనిస్తే అవి ఆ రోజంతటికీ తెరుచుకునేవి, అప్పుడు పని మొదలయ్యేది.

ఆయనకి పక్షవాతం వచ్చింది, కుడివైపు. ఆ మాట రాస్తుంటే ఇప్పుడూ నాకేమీ అనిపించదు. ఆసుపత్రిలోనూ అంతే. చెవుల్లో పత్తి కుక్కినట్టు, అందరూ ఎక్కడో దూరాన మాట్లాడుతున్నట్టు ఉండేది. ప్రాణం దక్కిందన్నారు, స్వామికి దండం పెట్టాను. పెట్టానని గుర్తుంది. కళ్లు తడిశాయో లేదో గుర్తులేదు.

ఇంటికి తెచ్చాక టాబ్లెట్లే మంచం దగ్గరికి రావడం మొదలైంది. తెల్లారి ఆరింటికల్లా మరిది సంచిలో వేసుకొచ్చేవాడు. నేను ఆయన్ని లేపి, తడిగుడ్డతో ఆ వేలు తుడిచి, ఒక్కోదాని మీదా ఆనించేదాన్ని. వేలికి స్పర్శ లేదు. అయినా అది ఆయన చేస్తున్న పనే అనుకున్నాను. ఈ ఒక్క పనైనా మిగిల్చావు స్వామీ అని రోజూ తృప్తిపడేదాన్ని.

ఒకనాడు కాటా దగ్గరి టాబ్లెట్ చార్జింగ్ అయిపోయి ఆరిపోయింది. మళ్లీ వెలిగించాక వేలు చాలదంది, అంకెలు అడిగింది. ఆ అంకెలు ఆయనొక్కరికే తెలుసు. అడిగితే పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఎడమచేత్తో నొక్కబోతే అంకెలు తప్పాయి. గోడౌను బయట మిర్చి బస్తాలతో ట్రాక్టర్లు వరసకట్టి ఉన్నాయి.

"ఇక లాభంలేదు వదినా. అన్నిటినీ ఒక్కచోటినుంచి చూసుకునే సాఫ్ట్‌వేర్ పెడదాం" అన్నాడు మరిది.

విజయవాడనుంచి కంపెనీ మనిషి వచ్చాడు. గోడౌను చూసొచ్చిన ఘాటుకి దగ్గుతూనే మా ముందుగదిలో లాప్‌టాప్ తెరిచాడు. నేను బడికి వెళ్లినదాన్ని కాదు. మా తాతయ్య ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పారు. తెలియని మాట దగ్గర ఆగి అడగమనేవారు. అందుకని అడుగుతూ పోయాను.

"టాబ్లెట్ ఎక్కడన్నా పోతే?"

"అందులో ఉన్నదంతా ఇక్కడినుంచే తుడిచేయొచ్చు మేడం."

"ఎవరైనా సెట్టింగులు మార్చేస్తే?"

"మీరు పెట్టినట్టే మళ్లీ వచ్చేస్తాయి."

"మనుషులక్కూడా ఇలాంటిది ఉంటే బాగుండు" అన్నాను. అతను నవ్వబోయి ఆగాడు.

"వదినా, పట్టుచీరక్కూడా నువ్వింతసేపు కూర్చోలేదు" అన్నాడు మరిది.

చివరికి రెండు రకాలు మిగిలాయి. మొదటిదాంట్లో తెరవడానికి ఎవరి నంబరు వాళ్లకుంటుంది, అందరి పైనా చూసుకోవడానికి ఇంటి మనిషి ఒకరుంటారు. రెండోదాంట్లో పొద్దున్నే యజమాని వేలిముద్ర పడితేనే అన్నీ తెరుచుకుంటాయి. అందుకోసం ఇంట్లో ఒక టాబ్లెట్ ఉంచుతారు. వేలు ఒక్కసారి ఆనిస్తే చాలు.

"రెండోది" అన్నాను.

మరిది నవ్వు ఆపాడు. "అన్నయ్యని ఇంకా ఎన్నాళ్లు లేపుతావు వదినా?"

"ఆ వేలు కూడా అక్కర్లేదంటే ఆయన మనసెలా ఉంటుందయ్యా?"

"ఆయన్ని అడిగావా?"

అడగలేదు. ఇన్ని నెలలూ ఆ వేలు పట్టుకున్నాను గానీ అడగలేదు.

లోపలికి వెళ్లి మంచం పక్కన కూర్చున్నాను. రెండు రకాలూ మెల్లగా విడమరిచి చెప్పాను. "ఏమండీ, పొద్దున్నే మీ వేలు ఆనించమంటారా, వద్దంటారా?"

 ఆయన ఎడమచెయ్యి కదిలింది. దుప్పటి మీదుగా వచ్చి, కుడిచేతి బొటనవేలిని అరచేతిలోకి మడిచింది. మిగతా వేళ్లని ఒక్కొక్కటిగా దానిమీదికి వంచింది. ఆ పిడికిలిని అలాగే పట్టుకుని కళ్లు మూసుకున్నారు.

"కోపమా అండీ?"

 కోపమో, అలసటో నాకు తెలియలేదు. మళ్లీ అడగలేదు.

బయటికొచ్చి "మొదటిదే పెట్టండి" అన్నాను.

"పైన చూసుకునేవాళ్ల పేరు ఎవరిది రాయమంటారు మేడం?"

నా పేరు చెప్పాను. ఎవరిదో పేరు చెబుతున్నట్టే ఉంది. సాయంత్రానికి అన్నిటినీ ఖాళీ చేసి కొత్తగా సిద్ధం చేశారు. ఆయన వేలిముద్ర ఇప్పుడు ఏ ఒక్కదానిలోనూ లేదు.

మర్నాడు అలవాటుకొద్దీ ఆ వేళకే లేచి గుడ్డ తడిపాను. సంచి రాలేదు. "కాటా మొదలైంది వదినా" అని మరిది ఫోన్ చేశాడు. దీపం పెట్టి వచ్చి చూస్తే ఆయన నిద్రపోతున్నారు. పిడికిలి విడిపోయి ఉంది. ఎండ మంచం మీదికి పాకినా కదల్లేదు. పెళ్లయిన దగ్గర్నుంచి అంత పొద్దెక్కేదాకా ఆయన పడుకోవడం నేను చూడలేదు. ఆ నిద్రకి స్వామికి దండం పెట్టి, కిటికీ రెక్క దగ్గరగా వేసి, గుడ్డ తీసుకెళ్లి తీగమీద ఆరేశాను.