వెనక్కి తెచ్చుకున్న వాయనం

మేము వచ్చి స్థిరపడిన ఈ దేశంలో, బోటనీ డౌన్స్ అనే పేటలో మా ఇంటి కంచె దాటితే అడవి. అడవంటే మరీ పెద్దదేమీ కాదు, వాగు వెంట సాగిన చెట్ల గుంపు. అక్కడ ఎవరూ ఇళ్లు కట్టకుండా ఒక ట్రస్టు చందాలు పోగుచేసి దాన్ని కొనేసింది. కొనడంతో పని తీరిపోదు. ఎలుకలకు బోన్లు పెట్టాలి, మొక్కలు నాటాలి, చెట్లను మింగేసే తీగలు పీకాలి. నెలకో శనివారం ఆ పనికి వెళ్లేవాళ్లలో నేనూ ఒకదాన్ని.

తీగలన్నిటిలోకీ మొండిది జాజి. మనం జడలో పెట్టుకునే జాజికి చుట్టమే. ఇక్కడి అడవిలో పడితే మాత్రం చెట్టు కొసదాకా ఎగబాకి వెలుతురు తగలకుండా కప్పేస్తుంది. తుంచిన ముక్క నేలమీద పడినా వేళ్లు పట్టేస్తుంది. అందుకే పీకిన తీగను సంచుల్లో కుక్కి, తలా కాస్తా ఇంటికి తెచ్చుకుని చెత్తబుట్టలో వేస్తాం. ఇదంతా నేను బడిపిల్లలకు ఇంగ్లీషులో తెగ చెప్పేదాన్ని. అందరూ మెచ్చుకునేసరికి అది కాస్త తలకెక్కింది కూడా. ఇంట్లో అత్తగారికి మాత్రం తెలుగులో ఒక్క ముక్క చెప్పలేదు. ఆవిడకెందుకులే అనుకున్నాను.

పోయిన శ్రావణంలో అత్తగారు వరలక్ష్మీ వ్రతానికి వాగు వెంట ఉన్న వీధుల్లోని తెలుగువాళ్లందరినీ పిలిచారు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి పేరంటం అయిపోయింది. వాయనం ఏమిచ్చారో అడగాలని కూడా నాకు తోచలేదు.

ఆ మర్నాడే ట్రస్టు పని. నేనే బతిమాలి తీసుకెళ్లిన పక్కవీధి ఆవిడకు జాజితీగ చూపించి నా పాఠం మొదలుపెట్టాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

“ఇది మా ఇంట్లో ఉంది కదండీ. నిన్న ఆంటీ వాయనంలో ఇచ్చారు, కప్పులో పెట్టి. అందరికీ ఇచ్చారు,” అంది. అదీ ఇంగ్లీషులో, అక్కడున్న అందరికీ వినబడేలా.

చెత్తబుట్టలో వేయడం మరిచి గరాజ్‌లో నేను వదిలేసిన సంచుల్లోంచే అత్తగారు ఇంకా పచ్చగా ఉన్న కొమ్మలు ఏరి కాగితం కప్పుల్లో గుచ్చారట. లక్షణమైన జాజిని కోడలు చెత్తపాలు చేస్తోందని ఆవిడ బాధ.

ట్రస్టు పనులు చూసే కివీ, అంటే ఈ దేశస్థుడైన పెద్దాయన, కోప్పడలేదు. పైగా నవ్వారు. ఆ ఇళ్ల కంచెలన్నీ అడవిని ఆనుకునే ఉన్నాయి కాబట్టి, వేళ్లు పట్టకముందే వెనక్కి తెచ్చేస్తే మంచిదని మెల్లగా అన్నారు. తిట్టి ఉంటే నేనూ ఏదో ఒకటి అని గట్టెక్కేదాన్ని. అంత మంచిగా చెప్పేసరికి తల ఎత్తలేకపోయాను.

ఇంటికొచ్చి వాట్సాప్ గ్రూపులో, దయచేసి ఆ మొక్క పారేయండని పెట్టాను. ఎవరో దండం బొమ్మ పెట్టి ఊరుకున్నారు. పసుపు కుంకుమలతో చేతికిచ్చినదాన్ని ఎవరు మాత్రం చెత్తలో వేస్తారు? ఇంటింటికీ వెళ్లి అడిగి తెచ్చుకోవడం తప్ప దారి లేదు. అప్పుడు అత్తగారిని కూర్చోబెట్టి మొదటిసారి తెలుగులో చెప్పాను.

“ముందే చెప్తే ఇచ్చేదాన్నా?” అన్నారు. కాసేపటికి చీర మార్చుకుని వచ్చారు. “నువ్వడిగితే బాగోదమ్మాయ్. ఇచ్చింది నేను. నేనే అడుగుతా.”

ప్రతి గుమ్మంలోనూ ముందు ఆ ఇంటావిడకు బొట్టు పెట్టి, చేతిలో అరటిపళ్లు పెట్టి, అప్పుడు కప్పు అడిగారు. ఊరికే వెనక్కి తీసుకోవడానికి ఆవిడకు మనసొప్పలేదు. నేను వెనకాల సంచి పట్టుకుని నిలబడ్డాను. అందరూ పర్లేదాంటీ అంటూనే ఇచ్చారు. తలుపు మూసుకున్నాక లోపల ఏమనుకుని ఉంటారో ఊహించుకుంటే ఇప్పటికీ ఒళ్లు ముడుచుకుపోతుంది.

చివరి ఇంట్లో కొత్తగా పెళ్లయిన అమ్మాయి. చదువుకోవడానికి వచ్చి, ఉద్యోగం దొరికి ఇక్కడే ఉండిపోయిన పిల్ల. పెళ్లయ్యాక అందుకున్న మొదటి వాయనమట. మొక్కను అప్పుడే కంచె పక్కన నాటేసి, కుంకుమ బొట్టు కూడా పెట్టింది.

“నేనేమైనా తప్పు చేశానా ఆంటీ?” అని అడిగింది.

“నువ్వేం చేశావమ్మా, తప్పు నాది,” అంటూ అత్తగారు మోకాళ్ల నొప్పితోనే కిందకు వంగి, ఆ మొక్కను మట్టితో సహా తవ్వి తీశారు. ఆ మాట అనాల్సింది నేను. సంచి మూతి తెరిచి పట్టుకున్నాను.

మళ్లీ శ్రావణం వచ్చింది. నిన్న అత్తగారు వంటింట్లో శనగల డబ్బా పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

“అమ్మాయ్, ఈసారి శనగలిస్తే మీ ట్రస్టువాళ్లు ఏమీ అనుకోరు కదా? నానబెట్టినవి మొలకెత్తుతాయేమో, ఓసారి కనుక్కో.”

ఎత్తిపొడుస్తున్నారేమోనని ముఖంలోకి చూశాను. లేదు, నిజంగానే అడుగుతున్నారు.