మొలతాడు కింద తామర

తొంభైల్లో ఒక ఎండాకాలం. గుడియాత్తం నుంచి వేలూరు పోయే బస్సులో కుదురుగా కూర్చోలేకపోతున్నాను. మొలతాడు కింద తామర ఒకటే దురద. నలుగురిలో గోక్కోలేను, గోక్కోకుండా ఉండలేను.

పక్కన కూర్చున్న పెద్దావిడ చేతులకు సిమెంటు అంటుకుని ఉంది. నా అవస్థ చూసి నవ్వింది.

"చెమట నిలిచే చోటే పట్టుకుంటాది నాయనా. మా మేస్త్రీలకంతా మొలతాడు కింద, మా ఆడోళ్ళకి పావడ నాడా కింద. మీ ఇంటామెకి ఉండాదా?"

"లేదమ్మా."

"అడిగినావా?"

నేను కిటికీ వైపు తిరిగాను. బస్సు విరించిపురం దాటింది. పెళ్ళై ఆరేళ్ళు. ఇద్దరం ఒకటే తుండుతో తుడుచుకునేవాళ్ళం. మందు మాత్రం నాకొక్కడికే తెచ్చుకునేవాణ్ణి.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి అడిగాను. నా భార్య నా చేతిలోని మందు ట్యూబు తీసుకుని, గోడవైపు తిరిగి, పావడ నాడా వదులు చేసుకుంది.