ఫొటో కోసం వేసిన అరిటాకులు

మాది మదనపల్లె. నా భార్య సునీత కెనడాలో నర్సు. ఆమె ప్రయాణం తొందరలో పుంగనూరు చర్చిలో నలుగురి మధ్య మా పెళ్లి జరిగిపోయింది. తర్వాత ఆమె నన్ను అక్కడికి రప్పించుకోవడానికి స్పాన్సర్ చేస్తే, పెళ్లి నిజమైందేనని చూపడానికి బంధువులతో దిగిన ఫొటోలు చాలవన్నాడు వీసా ఏజెంటు.

పోయిన వేసవిలో సునీత సెలవు మీద వచ్చింది. కుప్పంలో చవగ్గా దొరికిన చిన్న హాలు తీసుకుని, రిసెప్షన్ అని చుట్టాలందరినీ పిలిచాను. ఫొటోలకే కదా, టీ బిస్కెట్లు చాల్లే అని వంట పెట్టించలేదు. బంతి భోజనం ఫొటో కూడా ఉంటే మేలని ఫొటోగ్రాఫర్ అనడంతో అరిటాకులు వేయించి, ఆకుకో లడ్డు పెట్టించి అందరినీ కూర్చోబెట్టాను.

తంబళ్లపల్లె నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన మా మేనత్త ఆకు మీద నీళ్లు చల్లి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. ఫొటోలు అయిపోయాయి. ఇక లేవచ్చన్నాడు ఫొటోగ్రాఫర్. ఎవరూ కదల్లేదు.

"అన్నం ఇంకా రాలేదేమప్పా?" అంది అత్త.

ఆకు వేసి అన్నం పెట్టకుండా మా వైపు పగవాణ్ని కూడా లేపరు. అత్త నా ముఖం చూసి, లడ్డు చేతిలోకి తీసుకుని, ఖాళీ ఆకును భోంచేసినట్టే తన వైపుకు మడిచింది.

"కడుపు నిండిందప్పా. లేయండి, బస్సుకు టైమైతాండాది" అని అందరినీ తనే లేపింది.

మొన్న నాకు కెనడాలో ఉండిపోవడానికి పీఆర్ వచ్చింది. ఆ బంతి భోజనం ఫొటోలో అందరూ కెమెరా వైపు చూస్తున్నారు. మా అత్త ఒక్కతే వంటగది తలుపు వైపు చూస్తోంది.